రెండూ ఎడమ పక్కలే

శుక్రవారం పొద్దున్నే చింతపండు పిప్పితో దీపం కుందులు తోముతుంటే మా అత్తమ్మ విమలమ్మ గడపలో కూర్చుని, "జెర జల్దీ కానియ్. ఆఫీసుకు లేటయితే వాని నౌకరికి మాటొస్తది," అన్నది.

ఆరేళ్లుగా నేను చేస్తున్నది వాని నౌకరే. మా ఆయన భానుప్రకాశ్ రైల్వే లోకో షెడ్డులో హెల్పర్. డెంగీ వచ్చి తొమ్మిది రోజుల్లో పోయాడు. కారుణ్య నియామకం కింద అదే షెడ్డులో, అదే హెల్పర్ పోస్టు నాకిచ్చారు. ఆయన లాకరే నాకిచ్చారు. తలుపు మీద ఆయన టోకెన్ నంబరు గీరేసి నా నంబరు రాశారు గానీ, తాళం చెవి మార్చలేదు.

మొదటి రోజే నన్ను సెక్షన్ రూములో కూర్చోబెట్టారు. ఇంజిన్ కింద గుంటలోకి దిగడం ఆడవాళ్లకు కష్టమని చెప్పారు. అప్పట్లో అది దయ అనుకున్నాను. కొంత దయే కూడా. ఏడ్చి ఏడ్చి ఉన్నాను, ఎవరైనా కుర్చీ చూపిస్తే చాలనిపించేది. కానీ ఆ కుర్చీలోంచి నన్ను ఎవరూ మళ్లీ లేపలేదు. టీ తేవడం, రిజిస్టర్లు సర్దడం, రూము ఊడవడం. ఎవరి పుట్టినరోజైనా కేకు కోసి పంచేది నేనే, తర్వాత ఆ ప్లేట్లు కడిగేదీ నేనే. వంద టన్నుల ఇంజిన్లు కిటికీ అవతల వచ్చి పోతుండేవి. ఆరేళ్లలో ఒక్కదాన్ని కూడా చేత్తో ముట్టుకోలేదు. ఇంట్లో చేసే పనే బస్సెక్కి వచ్చి ఇక్కడ చేస్తున్నట్టు ఉండేది.

ప్రతి ఏడూ హెల్పర్లకు టెక్నీషియన్ ప్రమోషన్ కోసం ట్రేడ్ టెస్ట్ పెడతారు. వెళ్లనివాళ్లు ఇష్టం లేదని ఒక లెటర్ రాసివ్వాలి. మా క్లర్కు విజయేందర్ ఆ లెటర్ తనే టైపు చేసి తెచ్చి, "వదినా, ఈడ ఒక సంతకం," అనేవాడు. మా ఆయనకు దోస్తు కాబట్టి నేను వదినని. "మా అత్తగారి ఆరోగ్యం బాగాలేనందున ఈ సంవత్సరం ట్రేడ్ టెస్టుకు హాజరు కాలేను" అని ఇంగ్లీషులో ఉండేది. నేను ఇంటర్ చదివాను, చదవకుండా పెట్టానని చెప్పను. మా అత్తమ్మ మూడంతస్తుల మేడ మీదికి రోజుకు రెండుసార్లు బట్టలు మోసుకుపోయే మనిషి. అయినా పెట్టాను. టెక్నీషియన్ అయితే షిఫ్టులుంటాయి, వంట ఎవరు చేస్తారు, మా పాప లాస్యను ట్యూషన్ నుంచి ఎవరు తెస్తారు. అదొకటి. అసలు సంగతి వేరే ఉంది.

మొదటి ఏడు ఆ పరీక్ష ఊసెత్తితే అత్తమ్మ తింటున్న ముద్ద కంచంలో పెట్టేసింది. "వాడు హెల్పర్‌గనే పోయిండు. నువ్వు వాని నౌకరి పట్టుకొని వాని మీదికెల్లి పోతవా?" అన్నది. గోడ వైపు తిరిగి, "వాడు సుత రాసేటోడే. నీకు పాణం బాగలేదనే గద రాయకపాయె," అన్నది.

అది నాకు లోపల దిగిపోయింది. లాస్య పుట్టాక నాలుగు నెలలు రక్తం తక్కువై మంచం మీదే ఉన్న మాట నిజం. అప్పుడాయన గంజి కాచి, గ్లాసులో పోసి, చల్లారేదాకా ఊది ఇచ్చేవాడు. పరీక్ష ఎందుకు రాయలేదని ఎప్పుడు అడిగినా, "ఇప్పుడెందుకులే స్వర్ణా," అని చొక్కా తగిలించుకుని బయటికి పోయేవాడు. నన్ను నొప్పించకూడదని దాస్తున్నాడనుకున్నాను. ఒక మనిషి ఎదుగుదల నా జబ్బు మింగేసిందని నమ్మిన దాన్ని, ఆయన పోయాక ఆయన కంటే పై మెట్టు ఎక్కడానికి నాకు కాలు రాలేదు.

ఈ ఏడు మా పెద్ద సారు రామభద్రరావు గారి రిటైర్మెంటు. పెద్దవాళ్లు రిటైరైతే, వాళ్ల చేతిలో ఎక్కువకాలం నడిచిన ఇంజిన్ నమూనా ఒకటి చెక్క పలక మీద బిగించి, పేరు చెక్కించి ఇవ్వడం మా దగ్గర అలవాటు. విజయేందర్ ఆన్‌లైన్‌లో చూసి తెప్పించాడు. డబ్బా విప్పి చాలాసేపు లోపలికే చూశాడు.

"ఇంజిన్ రాలే. రేకులొచ్చినయ్."

మూడు ఇత్తడి రేకులు, చిట్టి మరల పొట్లం, పన్నెండు పేజీల డ్రాయింగులు. తయారైన బొమ్మ అనుకుని విడిభాగాల కిట్ కొన్నాడు. వెనక్కి తీసుకోరట. ఇద్దరు కుర్రాళ్లు ఒక పూట ప్రయత్నించి ఇంజిన్ మెట్టొకటి విరగ్గొట్టి లేచారు. అప్పుడు డబ్బా నా టేబుల్ మీదికొచ్చింది.

"వదినా, ముగ్గులేస్తవ్ గదా. గిది సుత గట్లనే. నాజూకు చేతులు నీయే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలాంటప్పుడు నవ్వకపోతే మళ్లీ నేనే సముదాయించాల్సి వస్తుంది.

చేతికి తీసుకుంటే రేకు చల్లగా, కాగితంలా పలచగా ఉంది. ఇంజిన్ మొత్తం అందులోనే పరిచి ఉంది. తలుపులు, కిటికీలు, చువ్వలు అన్నీ సన్నని కొక్కేలతో చట్రానికి పట్టుకుని ఉన్నాయి. ఒక్కో ముక్కను కత్తిరించి, అంచు ఆకురాయితో రుద్ది, వంచి, మాటు వేసి అతకాలి. మాటు వేయడం నాకు రాదు. వచ్చే ఏడు రిటైరయ్యే టెక్నీషియన్ రిచర్డ్ గారు అడక్కుండానే తన సోల్డరింగ్ ఐరన్ తెచ్చి ప్లగ్గులో పెట్టి, గాలికి వేడి ఆగదని నా మీదికి తిరిగే ఫ్యాను అవతలికి తిప్పారు. ఆయన కళ్లజోడు కూడా టేబుల్ మీద పెట్టి పోబోతూ, "నాది నీకు సరిపోదేమో. ట్రై చెయ్," అన్నారు. సరిపోయింది. నాకు నలభై దాటిన సంగతి అప్పటిదాకా ఎవరూ గమనించలేదు, నేను కూడా.

మొదటి మూడు రోజులు మాటు ఉండలుగా కట్టి రాలిపోయింది. రిచర్డ్ గారు వేలితో రేకు తడిమి, "మురికుందమ్మా. మురికి మీద మాటు కూర్చోదు. యాసిడ్ పెట్టి తుడవాలె," అన్నారు. నేను మర్నాడు ఇంటి నుంచి చింతపండు పిప్పి కొంచెం తెచ్చి రుద్ది, కడిగి, ఆరబెట్టి చూపించాను. ఆయన చాలాసేపు నవ్వి, "మస్తుంది. ఇప్పుడు జల్దీ చేయకు. రెండు ముక్కలు ఒక్క తీరు వేడెక్కాలె. మాటును నువ్వు నూకొద్దు, అదే పాకుతది," అన్నారు.

ఐదో రోజు అది పాకింది. ఐరన్ మొన దగ్గర బూడిద రంగు బొట్టు ఒక్కసారిగా మెరిసి, రెండు రేకుల సందులోకి నీళ్లలా జారిపోయింది. ఇంట్లో నేను చేసే ఏ పనీ మర్నాటికి మిగలదు. అన్నం అయిపోతుంది, గిన్నె మళ్లీ అంటవుతుంది. ఈ అతుకు మర్నాడు పొద్దున వచ్చి చూసినా అక్కడే ఉంది.

ఇంజిన్ పక్కలు రెండూ వంచేటప్పుడు పెద్ద తప్పు చేశాను. మడత పడాల్సిన చోట రేకు సగం మందమే ఉండి ఒక గీత ఉంటుంది. ఆ గీత ఎప్పుడూ లోపలికి రావాలి. మొదటి పక్క బాగా వచ్చింది. ఆ సంతోషంలో డ్రాయింగ్ చూడకుండా, రెండోదాన్ని మొదటిదాని పక్కన పెట్టుకుని అచ్చం అలాగే వంచాను. ఎదురెదురుగా నిలబెడితే తలుపుకు తలుపు కలవలేదు. రెండూ ఎడమ పక్కలే. వెనక్కి వంచబోతే మడత దగ్గర సగం దాకా చీలింది. వేరే రేకు లేదు. ఆ రోజు బస్సులో మారేడ్‌పల్లి దాటేదాకా ఏడుపు ఆపుకుంటూనే ఉన్నాను. బొమ్మ కోసమని ఎవరికి చెప్పను. ఇంటికి రాగానే అత్తమ్మ, "మొకం ఏంది గట్లుంది? ఎవలన్న ఏమన్నన్నరా వాని గురించి?" అన్నది.

మర్నాడు చీలిక లోపలివైపు పొడుగునా మాటు పోసి, బయట ఆకురాయితో రుద్దాను. రెండు రోజులు పట్టింది. అప్పటినుంచి డ్రాయింగ్ వదల్లేదు. చుక్కల గీత అంటే వెనక దాగిన భాగమని, ఒకే ముక్కను పైనుంచి, పక్కనుంచి, ఎదురుగా గీస్తారని తెలిసింది. ఒకరోజు టీలు ఇవ్వడానికి షెడ్డులోకి వెళ్లి, విప్పి పెట్టిన నిజం ఇంజిన్ ముందు ఆగిపోయాను. ఆ చట్రం నేను అతికిందే. చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక చల్లే ఆ పెట్టె నా నమూనాలో చిటికెన గోరంత ఉంటుంది. ఆరేళ్లుగా కిటికీలోంచి నల్లటి గోడలా కనబడింది ఇప్పుడు ముక్కలు ముక్కలుగా, పేర్లతో కనబడింది. ట్రేలో టీలు చల్లారాయని తిట్లు పడ్డాయి.

"ట్రేడ్ టెస్ట్ల సుత గిదేనమ్మా," అన్నారు రిచర్డ్ గారు ఒక మధ్యాహ్నం. "డ్రాయింగ్ చూడాలె, ముక్క రుద్దాలె, సరిగ్గ కూర్చోవాలె. నువ్వెందుకు పోవు?"

"మా ఆయనే నా వల్ల పోలేదు కదండీ," అన్నాను.

ఆయన ముఖం ఎత్తలేదు. "అట్ల చెప్పిండా?" అని, కాసేపు కళ్లజోడు తుడిచి, వేరే పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయారు.

వీడ్కోలు సభలో విజయేందర్ మైకు పట్టుకుని, "మా సెక్షన్ అంతా కష్టపడి చేసినం సార్," అన్నాడు. నేను సమోసాలు పంచుతున్నాను. రామభద్రరావు గారు నమూనాను అటూ ఇటూ తిప్పి, కిటికీలోంచి లోపలికి చూసి, "ఈ పక్క పగిలితే లోపల మాటు పోశారే. ఎవరండీ పోసింది? చాలా నీటుగా పోశారు," అన్నారు. రిచర్డ్ గారు చేయి చాపి నన్ను చూపించారు. సారు లేచి నిలబడి తల వంచారు. అంతే. తర్వాత ఫొటోలు తీసుకున్నారు, నేను ప్లేట్లు ఏరాను. కానీ ఆ సాయంత్రం వాటిని కడుగుతుంటే, కడుగుతున్న చేతుల్ని రెండు మూడుసార్లు చూసుకున్నాను.

సోమవారం మళ్లీ లెటర్ల కాలం వచ్చింది. "వదినా, బిల్లులతోని పరేషాన్ ఉన్న. పాత ఫైల్ల ఫార్మాట్ ఉంటది. చూసి నువ్వే టైప్ కొట్టేయ్," అన్నాడు విజయేందర్.

ఫైలు దించాను. పైన నా ఆరు లెటర్లు, కింద మిగతా వాళ్లవి. పేజీలు తిప్పుతుంటే ఒక సంగతి కంటపడింది. ఇష్టం లేదని రాసిన మగవాళ్లందరి భార్యలకూ ఆరోగ్యం బాగాలేదు. మా సెక్షన్లో నాకు ముందు పనిచేసిన సుబ్బులు అత్తగారికీ బాగాలేదు. ఆ ఫార్మాట్లో ఎప్పుడూ ఎవరో ఒక ఆడమనిషి జబ్బుతోనే ఉంది.

అడుగున ఆయన సంతకం కనబడింది, దాని కిందే పాత మార్కుల కాగితాలు. పెళ్లికి ముందు రెండేళ్లు వరసగా ట్రేడ్ టెస్టుకు వెళ్లాడు. రెండుసార్లూ ఫెయిల్. డ్రాయింగ్ చదవడం దగ్గర ఒకసారి రెండు మార్కులు, ఒకసారి సున్నా. ఆ తర్వాత ప్రతి ఏడూ లెటరే. "నా భార్య ఆరోగ్యం బాగాలేనందున." లాస్య ఇంకా పుట్టని ఏడు నాకు బాగాలేదు. లాస్య రెండో తరగతికి వచ్చిన ఏడు, నేను దాన్ని చంకనేసుకుని మౌలాలి గుట్ట మెట్లన్నీ ఎక్కిన ఏడు, అప్పుడూ నాకు బాగాలేదు.

కోపం రావాలి కదా, చాలాసేపు రాలేదు. ఆ డ్రాయింగ్ ముందు ఆయనకెంత చెమట పట్టి ఉంటుందో నాకు తెలుసు. ఇంటికొచ్చి స్వర్ణా, నాకిది అర్థం కావడం లేదు అని ఒక్క మాట అని ఉంటే, ఇద్దరం నేల మీద పరుచుకుని చూసేవాళ్లం. ఆ మాట అనడం కంటే నన్ను పదేళ్లు రోగిని చేయడం ఆయనకు తేలికైంది. క్లర్కు టైపు చేశాడు, ఆయన సంతకం పెట్టాడు, ఇంట్లో అదే చెప్పాడు, ఆ తల్లి నమ్మింది. అందరికంటే ఎక్కువ నేను నమ్మాను. కోపం అప్పుడొచ్చింది. దానితో పాటు, ఏళ్ల తరబడి వీపు మీద మోసిన మూటను ఎవరో దించినట్టు నడుము కూడా నిటారైంది.

టైపు చేయలేదు. తెల్లకాగితం మీద పెన్నుతో, ట్రేడ్ టెస్టుకు హాజరు కాగలనని రాశాను. రెండు వాక్యాలే. ఇష్టం ఉందంటే కారణం రాయక్కర్లేదు.

విజయేందర్ రెండుసార్లు చదివి, "ఇంట్ల అడిగినవా వదినా?" అన్నాడు.

"తారీఖు వేసి తీసుకో," అన్నాను.

ఇంటికొచ్చేసరికి బన్సీలాల్‌పేట్ గల్లీలో నీళ్లు వస్తున్నాయి. అత్తమ్మ బిందె నింపి లోపల పెడుతోంది. నేను రెండోది అందుకుని, పరీక్షకు రాసిచ్చిన సంగతి చెప్పాను. ఆమె బిందె మీద చేయి తీయకుండా నిలబడింది.

"అయితే వాని మీదికెల్లే పోతవన్నట్టు."

"అవునత్తమ్మా."

"వాడు నీ కోసమని ఇడిసిపెట్టిండు. నీకు పాణం బాగలేదని, రాత్రి డ్యూటీకి పోతే నిన్నెవరు చూస్తరని ఇడిసిపెట్టిండు. గది సుత యాదికి లేదా?"

ఎదురుగా గోడ మీద ఆయన ఫొటో ఉంది. ఇన్నేళ్లూ ఆయన పరువు కూడా నా పనుల్లో ఒకటి. దీపాలు తోమినట్టే దాన్నీ తోముతూ వచ్చాను. బిందె దించి, ఆమెను గడప మీద కూర్చోబెట్టి, నేనూ పక్కన కూర్చున్నాను. ఆమె చేయి తడిగా ఉంది. దాన్ని పట్టుకుని, ఫైలులో చూసింది చూసినట్టు చెప్పాను. రెండుసార్లు ఫెయిలైన సంగతి కూడా చెప్పాను. నల్లా నీళ్లు ఎప్పుడు ఆగిపోయాయో ఇద్దరం గమనించలేదు.

అత్తమ్మ నా వైపు తిరిగి అడిగింది. "మరి గన్నేండ్లు నీకేమైంది?"

"నాకేం కాలేదత్తమ్మా," అన్నాను. "నేను మంచిగనే ఉన్న."