ఒక సెంటీమీటరు ఎక్కువ

దర్జీకి ఒక్కగానొక్క కూతురు, ఏడేళ్ళది. కింద పడ్డ గుండీలు ఏరుతూ పెరిగింది కాబట్టి అందరూ దాన్ని గుండీ అనే పిలిచేవారు. మూడు నెలల కిందట ఎవరో పెద్దమనిషి ప్యాంటుకి కొలతలిస్తూ, "పిల్లల తెలివంతా పెంపకంలో ఉందయ్యా. దుకాణంలో పెరిగితే దుకాణం బుద్ధులే వస్తాయి" అని ఒక మాట పారేసి పోయాడు. ఆ ప్యాంటు సంగతి మళ్ళీ అడగనే లేదు గానీ, ఆ మాట మాత్రం దర్జీ బుర్ర తొలిచేసింది.

అంతే, గుండీకి దుకాణం బంద్. కత్తెర ముట్టుకుంటే వీపు విమానం మోతే. పొద్దున ఎక్కాలు, సాయంత్రం ఎక్కాలు, మధ్యలో తెలివి పెంచే పుస్తకం. ఆ పిల్ల "అలాగే నాన్నా" అని బుద్ధిగా తలూపి, ఆయన అటు తిరగ్గానే దుకాణంలో బల్ల కిందికి దూరేది. ఆయన చెవి పట్టుకుని బయటికి లాగేవాడు.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా అమ్మా?" అనేవాడు వాళ్ళమ్మతో.

"వంచరా, వద్దన్నానా? విరగ్గొట్టకు, అంతే" అనేది ముసలమ్మ.

తీరా మంచి బడిలో ప్రవేశ పరీక్ష రోజు రానే వచ్చింది. గట్టెక్కితే సీటు, లేకపోతే ఇంకో ఏడాది ఇంట్లోనే. లెక్కలు ఎలాగో అయ్యాయి. చివర్లో పెద్ద టీచర్ ఒక అట్ట ఇచ్చి, పది సెంటీమీటర్ల చదరం కత్తిరించమంది. గుండీ చకచకా కత్తిరించింది. టీచర్ స్కేలు పెట్టి చూస్తే పదకొండు. ఇంకో అట్ట ఇచ్చి, ఈసారి పన్నెండు కత్తిరించమంది. పదమూడు వచ్చింది.

"కొలవడం రాదు" అని టీచర్ కాగితం మీద రాసేసింది. పక్కనే కూర్చున్న దర్జీకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎందుకమ్మా ప్రతిసారీ ఒకటి ఎక్కువ?" అని అడిగింది టీచర్.

"కుట్టుకి వదలాలి కదా టీచర్! అంచు లోపలికి మడిస్తే సరిగ్గా పదే వస్తుంది."

"ఇది అట్ట. దీన్నెవరు కుడతారు?"

గుండీ అట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎవరికోసం టీచర్? పిల్లలకేనా? అయితే ఇంకో రెండు వదలాల్సింది. ఇవాళ్టి కొలతకి సరిగ్గా కత్తిరిస్తే రేపు పట్టదు. పిల్లలు పెరుగుతారు కదా!"

టీచర్ తను రాసిన మాట కొట్టేసి, దాని పక్కన 'చేర్చుకోవచ్చు' అని రాసింది.

"మీ దగ్గర బాగానే నేర్చుకుందండీ. ఎలా నేర్పారు?"

అబద్ధం చెబుదామనుకున్నాడు దర్జీ. నోరు రాలేదు.

"నేనేం నేర్పలేదండీ" అన్నాడు. "మూడు నెలలుగా దుకాణంలోంచి తరుముతున్నాను."