తెప్ప విప్పే చేతులు

ఈ ముసలివాణ్ణి ఇంట్లోంచి పంపింది కోడలు కాదు. మీరు. నాలుగుసార్లు ఆసుపత్రికి తీసుకొస్తే నాలుగుసార్లూ బలం బిళ్ళలు రాసిచ్చి "వయసు, ఏం చేస్తాం" అన్న మీరు. పింఛను కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, ఆ వేలు ఎవరిదో అతనికి తెలుస్తోందా లేదా అని అడగని మీరు. ఒక్క పూట అతని పక్కన కూర్చోకుండా, బోరు దగ్గర బిందె పెట్టి "మావని ఆశ్రమంలో పారేత్తాదట" అని మూతి తిప్పిన మీరు. ముందు ఈ ఒక్కరోజు సంగతి వినండి. తర్వాత ఆ కోడలు సూరమ్మను ఏమంటారో అనండి.

సూరమ్మ నెత్తళ్ళు తిప్పుతోంది. ఇసుక మీద పాత వల పరిచి, దానిమీద ఆరబోసిన చేపలు. నడుం వంచి, అరచేత్తో ఇటునుంచి అటు తోస్తోంది. ఉప్పుకు మడమలు పగిలి అంచులు లేచిపోయాయి. నలభై అయిదేళ్ళ మనిషి, వెనకనుంచి చూస్తే అరవై. నాలుగు తోపులకొకసారి తల తిప్పి గుమ్మం వైపు చూస్తుంది. మూడేళ్ళుగా ఆ మెడకు అదే పని.

గుమ్మంలో ఆమె మావ పోలయ్య కూర్చున్నాడు. డెబ్భై ఆరేళ్ళు. ఒళ్ళంతా ఎండిపోయినా చేతులు మాత్రం పెద్దవి, కణుపులు కట్టి, తాడు ఒరిపిడికి రెండు వేళ్ళ గోళ్ళు ఎప్పుడో ఊడిపోయి.

యాభై ఏళ్ళు తెప్ప మీద వేటకు పోయిన చేతులవి. తెప్పంటే పడవ కాదు, పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించిన దుంగలు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగలు విడదీసి ఎండలో పెట్టాలి, లేకపోతే నీళ్ళు తాగి బరువెక్కుతాయి. మళ్ళీ వేటకు పోయేముందు కట్టాలి. రోజూ కట్టడం, రోజూ విప్పడం. ఫైబర్ పడవలొచ్చాక సంతబొమ్మాళి మండలంలోని ఈ పల్లెలో తెప్పలు పొయ్యిల్లోకి పోయాయి. ఆ సంగతి పోలయ్య చేతులకు ఎవరూ చెప్పలేదు.

మతి జారడం మొదలయ్యాక ఏది కట్టి కనిపిస్తే అది విప్పేవాడు. మేక పలుపు, బట్టల తాడు, పాక కప్పు కట్లు. టెక్కలి సంతకు మోసుకెళ్ళాల్సిన ఎండుచేపల మూట విప్పేస్తే రోడ్డంతా చేపలే. ఒకరోజు దిక్కుతోచక సూరమ్మ అతని కాలికే తాడు కట్టి గుంజకు ముడేసింది. నీళ్ళు పట్టుకొచ్చేసరికి విప్పుకుని, తాడు శుభ్రంగా చుట్టి పక్కన పెట్టుకున్నాడు. ఆ చుట్ట చూసి ఆమెకు సిగ్గేసింది. మళ్ళీ కట్టలేదు.

నన్ను గుర్తుపట్టినన్నాళ్ళు ఉంచుకుంటాననుకుంది. గుర్తుపట్టడం పోయింది. తన చేత్తో తినగలిగినన్నాళ్ళు అనుకుంది. అదీ పోయింది. గడువు మాత్రం ప్రతిసారీ ఇంకొంచెం ముందుకు జరిపింది.

భర్త ఢిల్లేశ్వరరావు గుజరాత్‌లో చేపల బోట్ల మీద కూలికి ఉన్నాడు. నిన్న ఫోనులో "అయ్యని ఎక్కడికీ పంపకు" అన్నాడు. ఆ వెంటనే "నాకేటి తెలుస్తాది ఇక్కడ, నువ్వే సూడు" అన్నాడు. రెండూ ఒక్క ఊపిరిలోనే.

టెక్కలి చుట్టుపక్కల మూడు వృద్ధాశ్రమాలు తిరిగింది. రెండింట్లో గుమ్మం దగ్గరే చెప్పేశారు: మతి లేనివాళ్ళను తీసుకోం. మూడోచోట ఒక మంచం ఖాళీ అయింది. ఇవాళ సాయంత్రంలోగా తేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆటో నడిపే తమ్ముడు వైకుంఠరావును మధ్యాహ్నం రమ్మంది. వస్తే ఎక్కిస్తానని మాత్రం అనలేదు.

ఎండ ముదిరేవేళ కూతురు రమణి బోరుకెళ్ళింది. పురిటికి వచ్చిన పిల్ల. బిడ్డ దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతోంది.

సూరమ్మ తల తిప్పి చూసేసరికి గుమ్మం ఖాళీ.

పరుగెత్తింది. ఉయ్యాల కిందికొచ్చేసింది. అడుగున వలల కుప్ప ఉండబట్టి బిడ్డ దానిమీద జారి గుక్కపట్టి ఏడుస్తోంది. ఎక్కడా దెబ్బ లేదు. పోలయ్య తాడు మోచేతికి చుట్టుకుంటున్నాడు.

"ఒడ్డుకొచ్చీసినాం కదమ్మీ. ఇప్పకపోతే దుంగ నానిపోదా?"

సూరమ్మ చెయ్యి లేచింది. అతను ఆ చేతిలో తాడుచుట్ట పెట్టాడు. "ఇంద. ఎండలో ఎయ్యి."

ఆమె తీసుకుంది.

రమణి బిందె వదిలేసి వచ్చింది. బిడ్డను గుండెకు అదుముకుని, "ఇంకెన్నాళ్ళే అమ్మా? నీ మావ గావాలో నా బిడ్డ గావాలో తేల్చీ!" అంది.

సూరమ్మ వెళ్ళి చేపలు గోనెలోకెత్తింది. మావ ముఖం కడిగింది. ఉతికిన పంచె కట్టింది. గెడ్డం గీయనివ్వడు, అందుకని దువ్వింది.

వైకుంఠరావు వచ్చి హారన్ కొట్టాడు. "ఏటక్కా, ఎల్దామా వద్దా? సీటు కాలిపోతంది, నాను కూకుంటే అట్టయిపోతాను."

పోలయ్య గుంజ పట్టుకుని వదల్లేదు. ఇద్దరూ లాగారు. ఆ చేతుల్ని లాగడం వాళ్ళవల్ల కాలేదు. బోరు దగ్గరివాళ్ళు వచ్చి నిలబడి చూశారు. చెయ్యి మాత్రం ఎవరూ వెయ్యలేదు.

సూరమ్మ అతని ముందు గొంతుక్కూర్చుంది.

"మావా, గాలి తిరిగినాది. ఏటకి పోవాల. తెప్ప కట్టు."

గుంజ మీది వేళ్ళు సడలాయి. ముసలివాడు తాడు కోసం వెతికాడు. ఆమె ఉయ్యాల తాడు అందించింది. దూలం మీదుగా విసిరాడు. చీర కొసలు చేర్చి మూడు చుట్లు తిప్పి, కాలు గుంజకు తన్నిపెట్టి బిగించాడు. తన బరువంతా వేసి వేలాడి చూశాడు.

"బాబోయ్, ఏనుగుని ఊపినా ఊడదిది" అన్నాడు వైకుంఠరావు.

పోలయ్య పంచె మోకాళ్ళపైకి ఎత్తి, నీళ్ళలోకి దిగినట్టు అడుగులేస్తూ తనే వెళ్ళి ఆటోలో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక సీటు ఎక్కబోతున్న సూరమ్మను చూసి కసిరాడు.

"నువ్వెక్కడికే? ఆడోళ్ళు తెప్ప ఎక్కకూడదు. అరిష్టం."

"సరే మావా" అని ఆమె దిగిపోయింది. ఆటో వెళ్ళిపోయింది. అతను వెనక్కి తిరగలేదు. వేటకు పోయేవాడు తిరిగి చూడడు.

ఆశ్రమం కాగితం మీద వేలిముద్ర వెయ్యాలి గనక ఆటో వెనకే ఆమె బస్సెక్కింది. యాభై ఏళ్ళ పని పేరు చెప్పి మోసం చేశానని ఏడుద్దామనుకుంది. కూర్చోగానే నిద్ర పట్టేసింది. మూడేళ్ళలో మొదటిసారి, మెడ ఎటూ తిప్పకుండా. టెక్కలిలో కండక్టరు లేపాల్సొచ్చింది.

ఇక మీ వంతు. ప్రతి మండలంలో ఒక ఇల్లు పెట్టండి, మతి తప్పినవాణ్ణి గుమ్మంలోంచి తిప్పి పంపని ఇల్లు. వయసు అని చేతులు దులుపుకోకుండా జబ్బుకు పేరు చెప్పే డాక్టర్ని కూర్చోబెట్టండి. సూరమ్మలాంటివాళ్ళు ఒక పూట నిద్రపోవడానికి ఇంటికొక మనిషిని పంపండి. వచ్చే ఎన్నికలకు కాదు, ఇప్పుడు.

ముసలివాడు ఏ పనికీ రాడని ఇంకా అనేవాళ్ళుంటే ఆ ఇంటికెళ్ళి చూడండి. రమణి బిడ్డ నిద్రపోతోంది. పైన దూలానికి మూడు చుట్లు తిరిగి, కొస లోపలికి దోపిన ఉయ్యాల తాడు, అతను బిగించినట్టే ఉంది.