నేల తాకని సారె

ఆడబిడ్డే అయితే, పుట్టింటికి ఒక్కసారైనా ఎందుకు రాదు?

ఈ అనుమానం హులిగెమ్మలో ఏళ్లుగా ఉంది. ఎవరినీ అడగలేదు. శ్రీశైలం భ్రమరాంబ తమ వైపు ఆడబిడ్డ అని పెద్దల మాట. ఆమె పెనిమిటి మల్లయ్య, అల్లుడు. ఏటా ఉగాదికి ముందు చీర, రవిక, గాజులు మూటగట్టి, కోడుమూరు పల్లెల నుంచి నడిచిపోయి అమ్మకు సారె పెట్టి రావాలి.

మూట నేల తాకకూడదు. ఆగితే చెట్టు కొమ్మకు కట్టాలి. లేదా సాటి మనిషి నెత్తికెత్తాలి. తాకితే అది సారె కాదు, ఉత్త బట్టలు.

నమ్ముతుంది. దండం పెడుతుంది. అయినా...

ఎండ. నల్లరేగడి. కోసిన జొన్న మోళ్లు.

నందికొట్కూరు దాటారు. నల్లమల దూరంగా, నీలంగా — నడిచేకొద్దీ వెనక్కి జరిగే కొండ.

ముందు దేవేంద్రప్ప. గుంపుకు పెద్ద.

"అల్లుడా, అత్తామామలు వస్తాండారు. లేసి మంచం వాల్చప్పా."

అందరూ నవ్వారు. దారి పొడుగునా అల్లుణ్ణి తిట్టడం ఆచారం.

హులిగెమ్మ నవ్వలేదు. దేవేంద్రప్ప తన ఇంట్లో కోడల్ని పుట్టింటి గడప తొక్కనివ్వడు. దారిలో దేవుణ్ణి తిడతాడు. వీడి భక్తి గొంతులోనే ఉంది, కిందికి దిగలేదు.

పక్కన షావుకారు బండి. లోపల బొరుగులు నమిలే చప్పుడు. మొక్కు వాళ్లది, నడక ఎద్దులది. పుణ్యంలో ఎద్దులకెంతో.

వెనకాల సుంకమ్మ, తోడికోడలు. నెత్తిన మూట, బుగ్గన పొగాకు. దేవుని దారికి ఉమ్మితో ఆనవాళ్లు పెట్టుకుంటూ వచ్చే భక్తి. అన్నదమ్ములు వేరుపడ్డాక ఆమెతో మాట లేదు. అక్కా అన్న పిలుపు లేదు.

హులిగెమ్మకు ఒక్కతే కూతురు. బళ్లారి పక్కన ఇచ్చింది. రెండేళ్లుగా పంపలేదు. కోతలన్నారు. గొడ్లన్నారు. రేపన్నారు. అల్లుళ్లంతా ఒకటే — కొండ మీదివాడైనా, బళ్లారివాడైనా.

అందుకే ఈ మొక్కు. సారె నేల తాకకుండా తెస్తాను తల్లీ, ఈ ఉగాదికి నా బిడ్డను ఇల్లు చేర్చు.

అప్పుడే దిగింది ముల్లు. కంచెకు కొట్టిన తుమ్మకంప ముల్లు. అరికాలులో, లోతుగా.

ఒంటికాలి మీద నిలబడిపోయింది. చేతులు రెండూ మూట మీద. వంగితే మూట జారుతుంది. వంగకపోతే ముల్లు రాదు. చుట్టూ చేలే, కొమ్మ లేదు. కేక వేసింది. దేవేంద్రప్ప గొంతు ఆగలేదు. బండి ఆగలేదు. దుమ్ము మాత్రం ఆగి ముఖం మీద కూర్చుంది.

సుంకమ్మ దగ్గరికొచ్చింది. దాటింది.

పోనీ. దీన్ని అడగడమా?

కాలు వణికింది. మూట ఒరిగింది.

"అక్కా."

సుంకమ్మ ఆగింది. "నోరుండాదా నీకు? మూగదానివైతివేమో అనుకుంటి."

మూట అందుకొని తన మూట మీద పెట్టుకుంది. నెత్తిన రెండు సారెలు. ఎండలో కొయ్యలా నిలబడింది.

హులిగెమ్మ కూలబడి పిన్నీసుతో తవ్వింది. ముల్లు విరిగింది. మళ్లీ తవ్వింది. తలెత్తి చూస్తే — సుంకమ్మ మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఉమ్మడానికి వంగలేక పొగాకు రసం మింగుతోంది.

"అది కాలా, నీళ్ల బావా? బిరీన తవ్వు."

ముల్లు వచ్చింది. మూట తిరిగి హులిగెమ్మ నెత్తికెక్కింది. నేల తాకలేదు.

ఏదో ఒక మంచిమాట అనాలి. నోరు తెరిచింది. సుంకమ్మే ముందు అంది.

"కరువొచ్చిన ఏడు గంజి పోసే కాడ నేను జరంతో పడిపోతే, నా పిల్లోన్ని సంకనేసుకొని పొద్దు వాలేదాకా వరసలో నిలబడితివి. మాటల్లేకపోయినా."

హులిగెమ్మ వెతుక్కుంది. ఎంత వెతికినా గుర్తు రాలేదు. ఆ ఏడు ఎవరి పిల్లలు ఎవరి సంకన ఉన్నారో...

"నీకు గుర్తు లేకుంటే మానె, నాకుండాది. ముద్ద ముద్దకూ గొంతులో అడ్డం పడతాండె. పోయి పోయి ఈ గయ్యాళికి రుణపడితినే అని."

పక్కకు తిరిగి, తీరిగ్గా ఉమ్మింది.

"ఈపొద్దు తీరిపాయ. ఇంగ నీకూ నాకూ ఏమీ లేదు."

ముందుకు నడిచింది. వెనక్కి చూడలేదు.

నడక మాత్రం, కుంటే మనిషికి అందేంత మెల్లగా...