ఇరవయ్యొక్క పుంజాల పడుగు

పొద్దెక్కేసరికే దుబ్బయ్య వేళ్లు బూడిదతో తెల్లబడ్డాయి. మగ్గంలో మిగిలిన పాత పోగు కొసను కొత్త పోగు కొసతో కలిపి, బూడిద అద్ది, ఒక్క మెలి తిప్పుతాడు. అంతే, రెండూ ఒకటే పోగు. సిద్దిపేట సాలెవాడలో నలభై ఏళ్లుగా ఆయన చేసింది ఇదే. చీర నేసినవాడి పేరు చెప్పుకుంటారు గాని, పోగులు అతికినవాడిని ఎవరడుగుతారు? వంగి వంగి వీపు గూని అయింది. కుడి బొటనవేలి మీద గీతలు అరిగిపోయాయి.

మగ్గానికి నిలువుగా ఎక్కించే ఈ పడుగు ఇరవయ్యొక్క పుంజాలది. పుంజానికి నూట ఇరవై పోగుల చొప్పున రెండు వేల ఐదువందల ఇరవై. దుబ్బయ్య బడి ముఖం చూడలేదు గాని, ఆ సంఖ్య దగ్గర మాత్రం చేతులు కట్టుకుని నిలబడేవాడు. రెండు మొదలు పది దాకా దేనితో పంచినా ఒక్క పోగు మిగలదు. కొంగున నేసే గొల్లభామ బొమ్మలు ఏడుంటేనేం, తొమ్మిదుంటేనేం, అందరికీ సమానంగా జాగా ఇస్తుంది. ఇరవై పుంజాలు ఏడు దగ్గర తప్పాయి, పద్నాలుగు పుంజాలు తొమ్మిది దగ్గర తప్పాయి. ఇంతకన్నా చిన్నది ఉందేమోనని ఏళ్ల తరబడి వెతికాడు, దొరకలేదు.

మధ్యాహ్నానికి అతకడం అయిపోయింది. పాత కొసలన్నిటికీ జత దొరికింది. కొత్త పోగు ఒకటి మిగిలింది.

మగ్గం మల్లేశంది. అతను వంగి చూశాడు. యుద్ధం రోజులు, నూలుకు కంట్రోలు, కొలిచి ఇస్తున్నారు. ఈ పడుగు చెడితే మరొకటి ఎప్పటికి దొరుకుతుందో.

"రెండు పాత పోగులు ఒక్కదానికే అతికినట్టున్నవ్ మామా. కండ్లు ఆనుతలేవు నీకు. వచ్చే పడుగు అతికేతందుకు యాదగిరిని పిలుస్త తియ్."

కోపంగా అనలేదు. దుబ్బయ్యకు అదే ఎక్కువ నొప్పి కలిగించింది. చేతిపని పోతే ఇక తానేమిటి?

కొత్త పోగులను మొదటినుంచి ఏడేసి చొప్పున లెక్కపెట్టాడు. చివర ఒకటి మిగిలింది. ఎనిమిదేసి లెక్కపెట్టినా ఒకటే. తొమ్మిదేసి, పదేసి కూడా ఒకటే. ఆయాసంతో రొమ్ము రుద్దుకుంటూనే లెక్క పూర్తి చేశాడు. లెక్క ఎక్కడైనా జారి ఉంటే ఏడు ఒక మాట, తొమ్మిది ఇంకో మాట చెప్పేవి.

"మల్లేశం, ఎట్ల పంచినా ఒక్కటే మిగులుతుంది. పడుగులనే ఒక్క పోగు ఎక్కువున్నది. నా చెయ్యి తప్పితే కొత్తయి పంచినంక ఒక్కటి గూడ మిగలకపోవు. నా చెయ్యి తప్పలే."

తలుపు దగ్గర మల్లేశం భార్య సాయవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాపురానికి వచ్చాక ఆమె చేసిన మొదటి పడుగు అది.

"నేనే వెట్టిన. పెండ్లిల సదివిచ్చేటప్పుడు నూరు ఇయ్యరు, నూటొక్కటి ఇస్తరు గద. మొదటి పడుగు మంచిగ జరగాలెనని ఒక్కటి ఎక్కువ వెట్టిన."

మల్లేశం తల దించుకున్నాడు. "తప్పయింది మామా. యాదగిరి వద్దు. నువ్వే రా."

దుబ్బయ్య ఆ మాట సగమే విన్నాడు. ఏదీ మిగలనివ్వని సంఖ్య అది. దాని పక్కన ఒక్కటి చేరిస్తే, ఆ ఒక్కదాన్ని రెండు మొదలు పది దాకా ఏ సంఖ్యా కలుపుకోలేదు. నలభై ఏళ్లలో ఇటువైపు ఒక్కసారైనా చూడలేదే అనుకుంటే కళ్లు చెమర్చాయి.

"ఎంత సక్కగున్నది," అన్నాడు మెల్లగా. మంచినీళ్లు అడిగి గుంజకు ఆనుకున్నాడు. సాయవ్వ చెంబు తెచ్చేలోపు తల పక్కకు వాలింది. పిలిస్తే పలకలేదు. మల్లేశం ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి అక్కడే కూలబడ్డాడు.

దినాలయ్యాక మల్లేశం మగ్గం ముందు కూర్చున్నాడు. ఎక్కువ పోగును తీసేద్దామని సాయవ్వ కత్తెర తెస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. పడుగు అంచున ఆ పోగు, కొసన బూడిద అంటుకుని, దేనికీ అతకకుండా వేలాడుతూ ఉంది.