బు పార్నో పేజీ

“ఆ ఉత్తరం, దక్షిణం తీసెయ్. నలుగురూ చూసే వెబ్‌సైట్లో అవేం బాగుంటాయి, వీధి కబుర్లలా!” అన్నాడు ప్రసోజో, వేడి సోయా టెంపే ముక్క నోట్లో వేసుకుని ఊదుకుంటూ.

వుర్యాని పొయ్యి దగ్గర నిలబడి ఒక చేత్తో బాణలిలో ముక్కలు తిప్పుతోంది, రెండో చేత్తో గట్టు మీది లాప్‌టాప్‌లో పేర్లు సరిచేస్తోంది. “తీసేస్తే ఇద్దరు బు పార్నోలు అవుతారండీ” అంది. “అయితే ఏం? ఊళ్ళో ఇద్దరూ ఉండనే ఉన్నారు. వాళ్ళకి లేని బాధ నీకెందుకు?” అన్నాడు. నిజమే అనిపించింది. నిజమే అనిపించిందో, నూనె మాడుతోందని తొందరపడిందో, తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు తేలలేదు. తీసేసింది.

కెదుంగ్సారి అనే ఆ ఊళ్ళో పెళ్ళయిన ఆడదాన్ని మొగుడి పేరుతోనే పిలుస్తారు. ముందు ‘బు’ అని గౌరవంగా తగిలించి, వెనకాల ఆయన పేరు పెడతారు. ప్రసోజోని కట్టుకున్న నాటినుంచి వుర్యాని ‘బు ప్రసోజో’ అయింది. ఆ లెక్కన పార్నోగారికి ఇద్దరు భార్యలు గనక ఊరికి ఇద్దరు బు పార్నోలు. మొదటావిడది ఉత్తరపు వీధి, రెండో ఆవిడది దక్షిణపు వీధి. ఆయన మొదటావిడకి విడాకులూ ఇవ్వలేదు, ఆ గడపా మళ్ళీ తొక్కలేదు. ఊరివాళ్ళు మాత్రం ఏం చేస్తారు, ‘ఉత్తరం బు పార్నో’, ‘దక్షిణం బు పార్నో’ అని సర్దుకున్నారు. అందులో ఎగతాళేమీ లేదు, ఆ ఊళ్ళో బావికీ బడికీ కూడా దిక్కే గుర్తు.

పెళ్ళికి ముందునుంచీ వుర్యాని జోగ్జా నగరంలో ఒక ఆఫీసులో వెబ్‌సైట్లు చేసేది. పిల్లాడు పుట్టాక మానేసింది. మానేసింది అని అందరూ అంటారు గానీ, ఆ మాట మొదట ఎవరన్నారో ఆమెకు బాగానే గుర్తుంది. అత్తగారు ఉయ్యాల ఊపుతూ, “ఉద్యోగం ఎక్కడికి పోతుందమ్మా, పిల్లాడే పెద్దవాడైపోతాడు” అంది. పిల్లాడు పెద్దవాడయ్యాడు, ఉద్యోగం మాత్రం ఎటు పోయిందో అత్తగారు మళ్ళీ చెప్పలేదు. ప్రసోజో ఊరి పర్యాటక కమిటీకి కార్యదర్శి. మైనంతో ముగ్గులు గీసి రంగులద్దే బాతిక్ బట్టలు వేసే ఆడవాళ్ళందరికీ ఒక వెబ్‌సైట్ కావాలని కమిటీ తీర్మానం చేసింది. చెయ్యడానికి మనిషి కావాలంటే ఆయన చెయ్యెత్తి, “మా ఇంట్లోనే ఉందిగా” అన్నాడు. ఆ వాక్యంలో కర్త ఎవరో ఎవరూ అడగలేదు. జీతం సంగతి వుర్యాని ఒకసారి కదిపింది. “ఇంటిపనికి జీతమేంటోయ్!” అని ఆయన నవ్వాడు. అత్తగారు నవ్వింది, వుర్యాని కూడా నవ్వింది. తను నవ్వినందుకే ఆమెకు ఇప్పటికీ మండుతుంది.

అయినా పని మొదలుపెట్టాక దానిలో పడిపోయింది. ఇంటింటికీ తిరిగింది. మైనం ఎక్కడ కొంటారు, ఏ రంగు ఏ చెట్టు బెరడుతో తీస్తారు, ఈ ముగ్గు ఎవరు నేర్పారు, అన్నీ అడిగింది. బట్టలు ఎండలో ఆరేయించి ఫోటోలు తీసింది. పేర్లు మాత్రం అడగలేదు, మహిళా సంఘం దగ్గర ఉన్నవే తెచ్చుకుంది. ఒక్కో మనిషికి ఒక్కో వరస చొప్పున పెద్ద పట్టిక తయారైంది. ఆ పట్టికను సైట్ మీదికి తీసుకొచ్చేది ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామ్. ఒక్కో వరసనూ తీసుకుని అది ఒక్కో పేజీ చేస్తుంది: పైన పేరు, పక్కన ముఖం, కింద బట్టల బొమ్మలు, ఫోన్ నంబరు. చేసేముందు మాత్రం ఒక మాట అడుగుతుంది. వచ్చిన మనిషి కొత్తో పాతో దేన్నిబట్టి గుర్తుపట్టాలి అని. వుర్యాని ‘పేరు’ అని చెప్పింది.

అలా చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలియక కాదు. అదే పేరుతో రెండో వరస వస్తే, పాత మనిషే మళ్ళీ వచ్చిందనుకుని ప్లగిన్ పాత పేజీ మీదే రాసేస్తుంది. కొత్త వరసలో ఖాళీగా ఉన్న గళ్ళ జోలికి మాత్రం పోదు, అక్కడ పాతవే ఉంచుతుంది. పని పూర్తయ్యాక వరసలకన్నా పేజీలు ఒకటి తగ్గాయి. వుర్యాని చూసింది. చూసి, ఎక్కడో ఖాళీ వరస ఉండి ఉంటుందిలే అనుకుంది. ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దల ఫలహారాలు కూడా ‘మా ఇంట్లోనే ఉంది’ అనిపించుకున్న ఆ మనిషే చెయ్యాలి. బియ్యప్పిండి ఆవిరిమీద ఉంది. ఉడికిందో లేదో చూడమని అత్తగారు పిలిచింది.

మర్నాడు సర్పంచి ఇంటి ముందు పెద్ద పందిరిలో తెర కట్టారు. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. ప్రసోజో మైకు పట్టుకుని, “మేం ఎన్నో నెలలు కష్టపడి” అంటూ అందుకున్నాడు. వుర్యాని వెనక టీ గ్లాసుల దగ్గర నిలబడి ఉంది. తెరమీద ఒక్కో పేజీ వస్తుంటే ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పొడుచుకుని నవ్వుకుంటున్నారు. ఉత్తరం బు పార్నో చివరి వరసలో చాప మీద కూర్చుంది. అందరికన్నా పెద్దది ఆవిడే. కొత్త జంటకి కట్టే సిదో ముక్తి ముగ్గు చీర ఆ చుట్టుపక్కల ఆవిడలా వేసేవాళ్ళు లేరు. ఆ చీర తెర నిండా విచ్చుకుంది. ముసలావిడ మెడ ముందుకు చాపింది. ఇంకా బొమ్మలు వస్తున్నాయి, అన్నీ ఆవిడవే, వేడి మైనంతో చేతివేళ్ళు కాల్చుకున్న ఇన్నేళ్ళ పని. తర్వాత పేజీ పైకి జరిగింది. ‘బు పార్నో’ అన్న పేరు పక్కన ఎర్ర ముసుగులో నవ్వుతూ సుప్రిహతిన్ ముఖం ఉంది. సుప్రిహతిన్ అంటే పార్నోగారి రెండో భార్య, నిరుడే మైనం పట్టడం నేర్చుకుంది. తన బట్టల ఫోటోలు ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఆమె వరసలో ఆ గళ్ళు ఖాళీ.

ఎవరో ఒకామె కిసుక్కుమంది. అధికారికి ఇవేం తెలుసు? “అబ్బ! ఏం పనితనం! మా అమ్మాయి పెళ్ళికి ఇదే కావాలి. బు పార్నోగారెక్కడ? ఒక్కసారి నిలబడండమ్మా, చూస్తాం” అన్నాడు.

ఇద్దరు నిలబడ్డారు.

సుప్రిహతిన్ సగం లేచి, ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ కూలబడబోయింది. పక్కనున్న సర్పంచి భార్య ఆమె మోచెయ్యి పట్టి నిలబెట్టింది. తెరమీద ముఖం ఆమెదే కదా! అందరూ చప్పట్లు కొట్టారు. వెనకాల ముసలావిడ ఆ చప్పట్లలోనే, మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా కూర్చుంది. ఆ కూర్చోవడం వుర్యాని ఒక్కతే చూసింది. చేతిలో టీ పళ్ళెం ఉంది గనక ముఖం కప్పుకునే వీలు కూడా లేకపోయింది.

చప్పట్లయ్యాక ఎవరో ప్రసోజో చెవిలో ఊదారు. ఆయన మైకులో నవ్వి, “చిన్న సాంకేతిక లోపమండీ! మా ఆవిడ ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా అని అప్పజెప్పాను. సరదాగా చేసింది, ఏదో ప్లగిన్ దెబ్బ కొట్టింది” అన్నాడు. జనం హాయిగా నవ్వారు. వుర్యానికి చెవులు వేడెక్కాయి. బాగున్నంతసేపూ ‘మేం’, చెడగానే ‘మా ఆవిడ’. కానీ ఆ కోపం కూడా నిలవలేదు, దాని కాళ్ళకింద సిగ్గు ఉంది. ప్లగిన్ ఎవరినీ దెబ్బ కొట్టలేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. చెప్పింది తను. ఆ దిక్కులు మొగుడు తీసెయ్యమన్నాడు కాబట్టి తీసేసింది, అంతే తేడా.

తెల్లారి టీపొడీ చక్కెరా పొట్లం కట్టుకుని ఉత్తరపు వీధికి వెళ్ళింది. ముసలావిడ అరుగు మీద కూర్చుని, గొట్టపు కలంలో వేడి మైనం ముంచి, ముక్కు దగ్గరికి తెచ్చి ఊది, బట్టమీద చుక్కలు పెడుతోంది. తలెత్తకుండానే, “కూర్చో. అడ్డం రాకు, వెలుతురు పోతుంది” అంది.

“తప్పంతా నాదే పెద్దమ్మా. ఈ పూటే సరిచేస్తాను. మీ పేజీకి ‘ఉత్తరం బు పార్నో’ అని, ఆమెకి దక్షిణం అని పెట్టేస్తా. మీ బట్టలు మీకొచ్చేస్తాయి. పెళ్ళిచీర సంగతి కూడా ఆ అధికారిగారికి ఫోన్ చేసి చెప్తాను, అది మీ చెయ్యి అని.”

“అసలెలా జరిగిందది? చెప్పు, నాకు అర్థమయ్యేలా.”

వుర్యాని చెప్పింది. ముందు మీ వరస వచ్చింది, మీకు పేజీ అయింది, తర్వాత అదే పేరుతో ఆమె వరస వచ్చింది, మీ పేజీ తీసెయ్యకుండా ప్లగిన్ దానిమీదే ఆమెని రాసేసింది, అని. ముసలావిడ కలం ఆపింది.

“మా ఆయన చేసిందీ అదేనే” అంది. “నన్ను తీసెయ్యలేదు. నామీదే దాన్ని రాశాడు. దాని తప్పేం ఉంది, పిల్ల, పాపం. నిన్న సిగ్గుతో చచ్చిపోయింది, రాత్రి అన్నం కూడా పంపింది నాకు.” మళ్ళీ మైనం ముంచింది. “మగాడు చేశాడంటే సరే. నువ్వు చదువుకున్నదానివి, మా ఇంటికొచ్చి ఇక్కడే కూర్చుని నాలుగు గంటలు మాట్లాడావు. నా ముగ్గుల పేర్లన్నీ రాసుకున్నావు. ఈ చుక్కల వరసకి మా అమ్మమ్మ పెట్టిన పేరు కూడా అడిగి మరీ రాసుకున్నావు. నా పేరు అడగాలని నీకు తోచలేదేమే?”

వుర్యానికి తోచలేదు. అదే నిజం. ఎవరో మరిపించారని కాదు, ఎవరో వద్దన్నారనీ కాదు. ఎదురుగా ఉన్న మనిషికి పేరుంటుందన్న ఆలోచనే రాలేదు. మొగుడు తీసెయ్యమన్నది ఉత్తరం, దక్షిణం మాత్రమే. ఆ మిగతాది ఎవరు తీసేశారు? పట్టికలో పేరు గడి తనే పెట్టింది, తనే నింపింది. ముప్పైమందికి పైగా ఆడవాళ్ళ గురించి రాశానని రోజుల తరబడి లోలోపల పొంగిపోయింది. ఆ గడిలో పైనుంచి కిందిదాకా మగవాళ్ళే ఉన్నారు. అత్తగారు పని తెలియదన్నప్పుడు ఏడుపొచ్చింది, మొగుడు నవ్వినప్పుడు కోపమొచ్చింది. కానీ ఇలా నేలలోకి కుంగిపోవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఆ పనిలో తనకున్న గర్వమంతా ముసలావిడ ముందు చెప్పులు వదిలినచోటే వదిలేయాల్సి వచ్చింది.

“చెప్పండి పెద్దమ్మా” అంది చివరికి, నేల చూస్తూ.

“వాకియెమ్.” ఆవిడ ఎలా వినిపించిందో చూసుకున్నట్టు ఇంకోసారి అంది. “వాకియెమ్. మా అమ్మ పిలిచిన పిలుపు. రాసుకో, మళ్ళీ మరిచిపోతావు.”

ఇంటికి వచ్చి వుర్యాని పొయ్యి వెలిగించలేదు. పట్టికలో కొత్త గడి ఒకటి చేర్చింది, ‘సొంత పేరు’ అని. మనిషిని గుర్తుపట్టేది ఇక దీనితోనే అని ప్లగిన్‌కి చెప్పింది. ఆ గడి ఖాళీగా ఉంటే పేజీ బయటికి చూపించొద్దు, చిత్తుప్రతిగా లోపలే ఉంచమంది. అది కూడా చెప్పింది చెప్పినట్టు చేసింది. సైట్ తెరిస్తే ఒక్క పేజీ ఉంది. వాకియెమ్, ఆవిడ ముఖం, ఆవిడ చీరలు. మిగతా ఊరంతా లోపలికి పోయింది.

మధ్యాహ్నం ప్రసోజో ఫోన్ ఊపుకుంటూ వచ్చాడు. “ఏం చేశావు? సైట్లో ఎవ్వరూ లేరు! ఆదివారం బస్సులో టూరిస్టులు వస్తున్నారు, పోస్టరు మీద సైట్ పేరు వేయించాను. ఊరి పరువు తీస్తావా?”

“ఎవరెవరు లేరండీ?”

“ఎవరెవరేంటి? అందరూ! బు గియోనో, బు తుకిమాన్, బు హార్తో...”

“గియోనో బాతిక్ వేస్తాడా?”

“ఇదెక్కడి గోలే! పాతదే పెట్టెయ్. పేర్లు తర్వాత తీరిగ్గా చేర్చుకోవచ్చు. నిన్న నీ తప్పు నా నెత్తినేసుకుని నవ్వించి తప్పించాను, అది చాల్లేదా?”

“నెత్తినేసుకున్నది మీరు కాదు, ప్లగిన్” అంది వుర్యాని. “ఆదివారం అందరిముందూ మైకు నాకివ్వండి. తప్పు దానిది కాదు, నాదని చెప్తాను. ఏం తప్పో కూడా చెప్తాను. పాతది మాత్రం పెట్టను.”

“మరి అందరి పేర్లూ ఎవరు తెస్తారు?”

“నేనే. అడగనిది నేనే కదా.”

ఆయన వంటింట్లోకి తొంగిచూసి, ఆరిపోయిన పొయ్యి చూసి, “అన్నం?” అన్నాడు. బియ్యం డబ్బా ఎక్కడుందో చెప్పి చెప్పులేసుకుంది.

ముందు పక్కిల్లే. బు గియోనో. పురిటి రోజుల్లో తన గుడ్డలుతికిన మనిషి. పిల్లాడికి మొదటి ముద్ద పెట్టిన మనిషి. అత్తగారితో పడని రోజుల్లో వెనకగోడ మీంచి చెయ్యి చాచి పచ్చిమిరపకాయల వంకతో తన చెయ్యి పట్టుకున్న మనిషి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆ గోడకి ఇటువైపు తను, అటువైపు ఆమె. కొత్తగా వచ్చిన వాళ్ళని పేరడగడం తేలిక. ఈమెని ఏ ముఖం పెట్టుకుని అడగాలి? గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరుగుదామనుకుంది. ఫోన్ చేసి అడగొచ్చు, పిల్లాడి చేత అడిగించొచ్చు, మహిళా సంఘంలో మళ్ళీ వెతకొచ్చు. ఇన్ని దొంగదార్లు తోచాయి గానీ కాళ్ళు కదల్లేదు.

ఆమె నీలిమందు అంటిన చేతులు లుంగీకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. “ఏమ్మా, ముఖం అలా ఉంది? మిరపకాయలా?”

“కాదు వదినా.” వుర్యానికి కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. “మీ పేరేంటి?”