ఎడమది మసకగా ఉందండీ

కళ్ళజోళ్ళాయనకి దేవుడు మంచి పనితనం ఇచ్చాడు గాని, కాదనే నోరు ఇవ్వలేదు. ఎవరేం అడిగినా ముందు "ఊఁ" అనేవాడు, తరువాత ఇంటికొచ్చి తల పట్టుకునేవాడు. అద్దాలు తుడిచే గుడ్డలు అమ్మే మనిషి వస్తే పదేళ్ళకి సరిపడా గుడ్డలు కొన్నాడు. పక్క కొట్టువాడు రెండు రోజులని అడిగితే తన కుర్చీలు ఇచ్చి, నాలుగు నెలలు నిలబడి పని చేశాడు. ఆయన భార్య ఆసుపత్రిలో నర్సు. "మీ ఆయన ఎంత మంచివాడమ్మా!" అని ఎవరైనా అన్నారంటే చాలు, ఈసారి దేనికి ఒప్పుకుని వచ్చాడో అని ఆవిడ గుండె గుభేలుమనేది.

కొట్టు రైలు పెట్టెలా ఇరుకుగా, పొడుగ్గా ఉండేది. ముందు గాజుబల్ల, మధ్యలో అద్దాలు అరగదీసే యంత్రం, చివర గోడకి అక్షరాల బోర్డు. ఒక మధ్యాహ్నం ఆయన అత్తగారు తన చత్వారం అద్దాలు తీసుకోడానికి అక్కడికి వచ్చింది. ఆవిడ ముప్ఫయ్యారేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. మందుసీసాతో వచ్చే చీటీ అయినా సరే, మొదలుపెడితే చివరి ఫుల్‌స్టాపు దాకా చదివితే గాని వదలదు.

కొత్త అద్దాలు ముక్కు మీద సర్దుకుని, "ఆ బోర్డు నాకు కంఠతా వచ్చేసింది అల్లుడుగారూ. ఏదైనా సన్నక్షరాల కాగితం ఉంటే ఇటివ్వండి" అంది.

కళ్ళజోళ్ళాయన చేతికందిన కవరు తీసిచ్చాడు. అది క్రెడిట్ కార్డు బిల్లు. ఆ డబ్బు నెలనెలా ఖాతాలోంచి దానంతటదే కట్టుబడిపోతుంది గనక, కవర్లు విప్పే అలవాటు ఆయనకి లేదు. వచ్చింది వచ్చినట్టు సొరుగులో పడేసేవాడు.

అత్తగారు కవరు చింపి చదవడం మొదలుపెట్టింది. "లెన్సులు, ఫ్రేములు, కరెంటు బిల్లు, 'చెల్లింపు రక్షణ బీమా, రెండు వందల ఎనభై'. అద్దాలు భేషుగ్గా ఉన్నాయి. ఇంతకీ ఈ బీమా ఏమిటి?"

"ఏమోనండీ. బ్యాంకువాళ్ళదేదో అయ్యుంటుంది."

"బ్యాంకువాళ్ళదైతే మీరెందుకు కడుతున్నారు?"

ఆవిడ సొరుగు మొత్తం బల్ల మీద బోర్లించింది. నలభై కవర్లు. ఒక్కోటీ విప్పుతుంటే ఒక నెల రెండొందలు, ఒక నెల మూడొందల చిల్లర, నలభై నెలల నుంచీ ఆ బీమా జలగలా పట్టుకునే ఉంది. అన్నిటికంటే పాతదైన మొదటి కవరులో నిబంధనల పుస్తకం చీమతలకాయలంత అక్షరాలతో దొరికింది.

"'ఉద్యోగము పోయినచో యజమాని ఇచ్చిన తొలగింపు పత్రము జతపరచవలెను. అట్టివారి కార్డు బాకీని బీమా సంస్థ చెల్లించును. సొంత వ్యాపారస్తులకు ఈ సదుపాయము వర్తించదు'" అని చదివి అత్తగారు తలెత్తింది. "అల్లుడుగారూ, ఈ కొట్టుకి యజమాని ఎవరు?"

"నేనే."

"పనివాడు?"

"నేనేనండీ."

"అంటే మిమ్మల్ని మీరే పనిలోంచి పీకేసుకుని, మీకు మీరే ఉత్తరం రాసుకున్నా పైసా రాలదు. రాని బీమాకి మూడేళ్ళుగా డబ్బు పోస్తున్నారు." మళ్ళీ పుస్తకంలోకి చూసి పెదవి విరిచింది. "పైగా 'రక్షన' అని అచ్చేశారు. అక్షరం సరిగా వెయ్యలేనివాళ్ళు మనల్నేం రక్షిస్తారు! రేపు పొద్దున్నే ఫోన్ చేసి రద్దు చేయించండి."

మర్నాడు కళ్ళజోళ్ళాయన ఫోన్ చేశాడు. పాటలూ ప్రకటనలూ అరగంట విన్నాక ఒక అమ్మాయి పలికింది. ఆ గొంతులో తేనె కారుతోంది. "అయ్యో సార్, మమ్మల్ని ఎందుకు వదిలేస్తున్నారు సార్? మావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?" అంది. తాంబూలాలు పుచ్చుకున్న సంబంధం తనే చెడగొడుతున్నట్టు ఆయనకి చెమటలు పట్టాయి.

సాయంత్రం అత్తగారు వచ్చి, "రద్దయిందా?" అని అడిగింది.

"సగం అయిందండీ."

"సగం రద్దేమిటి?"

"ఆరు నెలలు సగం ధరకే ఇస్తానంది. పాపం, ఉద్యోగంలో కొత్తగా చేరిందట. దాంతోపాటు..."

"దాంతోపాటు?"

"పర్సు పోతే డబ్బొచ్చే బీమా ఒకటి ఉందట. అదీ..."

అత్తగారు కుర్చీలో కూలబడింది. "మొహమాటానికి పోతే..." అని సామెత ఎత్తుకుని, ఎదురుగా ఉన్నది అల్లుడని గుర్తొచ్చి మిగతా సగం మింగేసింది.

రెండోసారి ఫోన్ చేసేటప్పుడు ఆవిడ పక్కనే కూర్చుంది. తెల్లకాగితం మీద ఎర్ర పెన్సిలుతో పెద్దగా "వద్దు" అని రాసి ఆయన ముక్కుకి ఎదురుగా పట్టుకుంది. ఆ అమ్మాయి ఏదైనా అడిగినప్పుడల్లా పెన్సిలుతో ఆ మాట మీద టకటకా కొట్టేది. బోర్డు మీద అక్షరాలు చదివే పేషెంటులాగా ఆయన బుద్ధిగా "వద్దు" అనేవాడు. అలా ఏడుసార్లు అన్నాడు. ఎనిమిదోసారి ఆ అమ్మాయి, "సరే సార్, మీ ఇష్టం సార్" అని నిట్టూర్చేసరికి ఆయన మనసు నీరైపోయింది.

"పోనీ..." అని నోరు తెరిచాడో లేదో, ఫోను అత్తగారి చేతిలో ఉంది.

"అమ్మాయ్, ఆయన చెప్పింది రాసుకున్నావా? ఏదీ, చదివి వినిపించు. 'రద్దు కోరుతున్నారు' ఏమిటి? కొట్టెయ్. 'రద్దు చేశాము' అని రాయి. రెండు బీమాలూ. ఇవాళ్టి తేదీ వెయ్యి. ఇప్పుడు నంబరు చెప్పు. నెమ్మదిగా." నంబరు రాసుకుని, "నీ గొంతు బాగుందమ్మా, గొంతుకి తగ్గ ఉద్యోగం దొరకాలి నీకు" అని దీవించి పెట్టేసింది.

అంతటితో పీడ వదిలిందని కళ్ళజోళ్ళాయన ఊపిరి పీల్చుకున్నాడు. అత్తగారు మాత్రం, "పోయిన డబ్బో?" అంది. ఆవిడే చెప్పి, ఆయన చేత ఉత్తరం రాయించింది. సొంత కొట్టు ఉన్న మనిషికి పనికిరాని బీమా అంటగట్టారు గనక, తీసుకున్నదంతా వడ్డీతో సహా వెనక్కి ఇవ్వమని అందులో అడిగారు.

మూడు వారాలకి జవాబు వచ్చింది. ఫలానా తేదీన, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకి, మీరు ఫోనులో పూర్తి సమ్మతి తెలిపారు, ఆ సంభాషణ రికార్డు మావద్ద భద్రంగా ఉంది అని.

కళ్ళజోళ్ళాయన గాలి తీసిన బంతిలా అయిపోయాడు. "ఒప్పుకునే ఉంటానండీ. నా సంగతి నాకు తెలీదా?"

"ఎలా ఒప్పుకున్నారో విందాం పదండి. చూడని ప్రూఫు మీద నేను సంతకం పెట్టను" అంది అత్తగారు.

బ్యాంకులో ఫిర్యాదుల గది మూడో అంతస్తులో ఉంది. బల్ల మీద దుమ్ము పట్టిన ప్లాస్టిక్ మొక్క, బల్ల వెనక ఒక ఆఫీసరమ్మ. మాటామాటకీ ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుంటే కళ్ళజోళ్ళాయన వేళ్ళు స్క్రూ బిగించాలని దురద పెట్టాయి. బలవంతాన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసరమ్మ కంప్యూటరులో వెతికి రికార్డు పెట్టింది.

ముందు ఒక అమ్మాయి గొంతు గుక్కతిప్పుకోకుండా బీమా మహిమలు చెప్పుకుపోయింది. మధ్యమధ్యలో కళ్ళజోళ్ళాయన గొంతు, ఎక్కడో దూరం నుంచి, "ఆఁ, ఒక్క నిమిషం" అంటోంది.

"ఈ రక్షణ పథకం మీ కార్డుకి జత చెయ్యమంటారా సార్?" అని అడిగింది అమ్మాయి.

"ఇది బాగుంది!" అంది ఒక గొంతు. లారీ హారను మోగినట్టుంది. "ముందు పెట్టినదానికంటే ఇదే బాగుంది!"

"ధన్యవాదాలు సార్. మీరు ప్రస్తుతం ఉద్యోగం చేస్తున్నారా సార్?"

"ఎడమది మసకగా ఉందండీ!"

"ధన్యవాదాలు సార్. వివరాలు నమోదు చేసుకున్నాను."

ఆఫీసరమ్మ కంప్యూటరు కేసి చూసింది, తరువాత కళ్ళజోళ్ళాయన కేసి చూసింది.

కళ్ళజోళ్ళాయనకి అంతా గుర్తొచ్చింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఎవరికో కళ్ళు పరీక్ష చేస్తున్నాడు ఆ రోజు. పరీక్ష ఆపమని ఆ పేషెంటుకీ చెప్పలేకపోయాడు, ఫోను పెట్టెయ్యమని ఆ అమ్మాయికీ చెప్పలేకపోయాడు.

"ఆ గొంతు మా అల్లుడిది కాదు" అంది అత్తగారు.

"ఫోను ఆయనదే కదండీ."

"అల్లుడుగారూ, 'ఇది బాగుంది' అనండి."

"ఇది బాగుంది" అన్నాడాయన. దూదిలో చుట్టిన చిరుగంట మోగినట్టు వినపడీ వినపడకుండా వచ్చింది.

ఆఫీసరమ్మ గెడ్డం గోక్కుంది. "నమ్మొచ్చు గాని, కాగితం మీద రాయాలంటే సాక్ష్యం కావాలండీ. ఆ గొంతుగలాయన్ని తీసుకురాగలరా?"

కొట్టుకి తిరిగొచ్చి కళ్ళపరీక్షల పుస్తకం తిరగేస్తే, ఆ తేదీన ఉదయం ఒక్కటే పేరు ఉంది. హైస్కూలు డ్రిల్లు మాస్టారిది. మర్నాడు పొద్దున కళ్ళజోళ్ళాయన స్కూలు మైదానానికి వెళ్ళాడు. మాస్టారు విజిలు మెడలో వేలాడుతున్నా ఊదే పని లేకుండా, రెండు వందల మంది పిల్లల్ని ఒట్టి గొంతుతోనే ఎడమకీ కుడికీ తిప్పుతున్నాడు.

"మాస్టారూ, మీ గొంతుతో పని పడింది."

"ఎక్కడ?"

"బ్యాంకులో."

మాస్టారికి సంగతి సగమే అర్థమైంది. అయినా తన గొంతుని ఒకరు పిలిచి అడగడం అదే మొదటిసారి. అందరూ తగ్గించమని అడిగినవాళ్ళే. మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

ఆఫీసరమ్మ రికార్డు వినిపించి, అదే మాట ఒకసారి చెప్పమంది. మాస్టారు లేచి నిలబడి, ఛాతీ విరుచుకుని, "ఇది బాగుంది!" అన్నాడు. కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి. బయట గుమాస్తా చేతిలో రబ్బరు స్టాంపు జారి పడింది. వరసలో ఉన్నవాళ్ళలో ఇద్దరు, ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే కాబోలు, చటుక్కున అటెన్షన్లో నిలబడ్డారు.

"చాలండీ, చాలు" అంది ఆఫీసరమ్మ చెవులు మూసుకుని. "ఉద్యోగం ఉందా అని అడిగితే ఎడమది మసక అని జవాబొచ్చింది. దాన్ని ఏ రకంగానూ సమ్మతి అనలేం. పది రోజుల్లో మొత్తం వడ్డీతో సహా మీ ఖాతాలో పడుతుంది."

అత్తగారు అందుకోసమే తెచ్చిన సంచీలోంచి కాగితం తీసి, అదే మాట రాసి సంతకం పెట్టమని ఆఫీసరమ్మకి ఇచ్చింది. కళ్ళజోళ్ళాయన ఆనందంతో మాస్టారి చెయ్యి పట్టుకోబోయాడు. మాస్టారు కుర్చీలోంచి కదల్లేదు.

"అమ్మా, ఆ చివర ఇంకోసారి వెయ్యండి. అయిపోయాక ఇంకేదో ఉంది."

ఆఫీసరమ్మ వేసింది. "ఎడమది మసకగా ఉందండీ!" తరువాత అమ్మాయి ధన్యవాదాలు. ఆ వెనకే, ఫోను పెట్టెయ్యబోతూ కళ్ళజోళ్ళాయన మెత్తటి గొంతు: "ఆఁ, ఆఁ. బాగుందన్నారుగా మాస్టారూ, అదే ఖాయం చేసేద్దాం."

ఆఫీసరమ్మ రికార్డు ఆపింది.

"మసకగా ఉందని నేను మొత్తుకుంటుంటే," అన్నాడు మాస్టారు, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి, "దాన్నే ఖాయం చేశావా?"

కళ్ళజోళ్ళాయనకి భూమి విచ్చుకుంటే బాగుండుననిపించింది.

"మూడేళ్ళయ్యా! పిల్లల వరస వంకరగా ఉందని రోజూ జరుపుతూనే ఉన్నాను. వాళ్ళు ఎంత జరిగినా వంకర పోదు. మొన్న పరుగుపందెంలో రెండోదానికి మొదటి బహుమతి ఇచ్చేశానని ఒక పిల్ల తల్లి వచ్చి నానా యాగీ చేసింది. నా కళ్ళు నన్ను మోసం చెయ్యవమ్మా అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాను!"

"మరి నాకొచ్చి చెప్పలేదేం మాస్టారూ?"

మాస్టారు నేల చూపులు చూశాడు. "అద్దాలు బాలేవంటే నువ్వు చిన్నబుచ్చుకుంటావేమోనని. వయసు మీదపడిందిలే అని సరిపెట్టుకున్నాను."

ఆఫీసరమ్మ తన కళ్ళజోడు తీసి ఒకసారి అనుమానంగా చూసుకుంది. తరువాత అలవాటుకొద్దీ సొరుగులోంచి ఒక ఖాళీ ఫారం తీసి మాస్టారి ముందుకి జరిపింది. "ఫిర్యాదు ఏమైనా ఇస్తారా?"

"ఈ ఫిర్యాదు మా కొట్లోనే తీసుకుంటారండీ" అని అత్తగారు ఫారం వెనక్కి తోసింది. "పదండి అల్లుడుగారూ. మన వంతు."

ముగ్గురూ నడుచుకుంటూ కొట్టుకి వెళ్ళారు. కొట్టు తెరిచి కళ్ళజోళ్ళాయన ముందు చేసిన పని, ఫోను కట్టేసి అత్తగారి సంచీలో వెయ్యడం. తరువాత మాస్టారిని కూర్చోబెట్టి గంటసేపు పరీక్ష చేశాడు. ఒక్కో అద్దం మార్చి, "ఇదా, అదా?" అని అడిగి, మాస్టారు జవాబు చెప్పాక మళ్ళీ అడిగి, కాగితం మీద రాసుకుని, రాసింది అత్తగారికి చూపించాడు. ఆవిడ చదివి తలూపాకే ముందుకి వెళ్ళాడు.

అద్దాలు మూడో రోజుకి తయారయ్యాయి. పాత జోడుకి తీసుకున్న డబ్బు కూడా కవరులో పెట్టి మాస్టారి చేతికిచ్చాడు.

"అబ్బే, ఎందుకయ్యా, వద్దు" అన్నాడు మాస్టారు వెనక్కి జరుగుతూ.

"తీసుకోవాలి మాస్టారూ."

"బాగుండదయ్యా."

"మీరు తీసుకునేదాకా నేను ఒప్పుకోను" అన్నాడు కళ్ళజోళ్ళాయన. ఒప్పుకోను అనే మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఆయనే ఉలిక్కిపడ్డాడు. గాజుబల్ల తుడుస్తున్న అత్తగారు గుడ్డ ఆపి ఒకసారి చూసి, మళ్ళీ తుడవసాగింది.

మాస్టారు కవరు జేబులో పెట్టుకుని, కొత్త అద్దాలతో తిన్నగా స్టేషనరీ కొట్టుకి వెళ్ళాడు. ఆ డబ్బుతో అందులో ఉన్న వాటిల్లో అన్నిటికంటే పెద్ద బహుమతి కప్పు కొన్నాడు. నిజానికి మొదట వచ్చినా రెండోదని ఇంటికి పంపేసిన ఆ పిల్ల వాళ్ళ వీధి పేరు అడుక్కుంటూ, ఆ తల్లి ఏమంటుందోనని లోలోపల గుబులుగానే ఉన్నా, గబగబా నడిచాడు.