అయిదు చింతగింజలు

యాకమ్మ సంచి విప్పి సర్దడం పొద్దున్నుంచి అది మూడోసారి. మూత్రం గొట్టాలు, దూది, పుండుకు కట్టే పట్టీలు, రెండు లుంగీలు, కూర్చున్నచోట ఒరుసుకోకుండా గాలి నింపిన ట్యూబు. అన్నిటికంటే అడుగున కొడుకు చెప్పులు.

"చెప్పులెందుకే అవ్వా? నేనేమన్న నడిచి పోతున్ననా?" అని నవ్వాడు తిరుపతి.

తాటిచెట్టు మీద నుంచి పడి అతని నడుము విరిగి ఆరేళ్లు. ఏ దవాఖానకు పోయినా యాకమ్మ ఆ చెప్పులు వెంట తీసుకుపోతూనే ఉంది.

"ఉండనీయిరా. నువ్వు మోస్తున్నవా?"

దేవరుప్పుల నుంచి ఆటోలో జనగామ దవాఖానలో జరిగే సమావేశానికి చేరారు. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లు ఇరవై మంది దాకా వచ్చారు. డాక్టరమ్మ శ్వేత గోడకు బొమ్మలంటించి, ఒక్కోదాని కింద ఒక్కో గిన్నె పెట్టింది. నడక, మూత్రం, పుండ్లు, నొప్పి, పని.

"ముందుగాల దేని మీద పరిశోధన చేయాల్నో మీరే చెప్పాలె. మనిషికి అయిదు చింతగింజలు. చూసుకునేటోళ్లకు గూడ. ఎక్కువ గింజలు పడ్డ మూడింటిని పట్టుకుంటం" అంది.

యాకమ్మ అయిదూ నడక గిన్నెలో వేసి దండం పెట్టింది. తిరిగి చూస్తే కొడుకు తనవన్నీ మూత్రం గిన్నెలో వేస్తున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"నడుసుడు వద్దారా నీకు? నువ్వే ఆశ ఇడిస్తే ఎట్ల?"

"ఇడువలేదే. వాసనొస్తదని పెండ్లికి పోయినా బయటనే ఉంటున్న. ముందుగాల గా వాసన పోవాలె."

పక్కన స్ట్రెచర్ మీద భూపాలపల్లి బిక్షం బోర్లా పడుకొని ఉన్నాడు. పిరుదు మీది పుండుతో కూర్చోలేడు.

"అక్కా, జర నీ సంచి ఇప్పు. నడిపిచ్చేటియి ఏమున్నయో సూద్దాం" అన్నాడు.

ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకుంది. గొట్టాలు, దూది, పట్టీలు, ట్యూబు. చివరికి చెప్పులు మిగిలాయి.

"కొత్తగనే ఉన్నయి గదా! నాకియ్యరాదు, మంచంల తొడుక్కుంట" అన్నాడు బిక్షం. తిరుపతి పగలబడి నవ్వాడు. యాకమ్మకూ నవ్వు ఆగలేదు.

"ఏసిన గింజలు మల్ల తీయొచ్చునా బిడ్డా?" అని శ్వేతను అడిగింది. ఆమె తలూపింది. యాకమ్మ నడక గిన్నెలోంచి మూడు తీసి పుండ్ల గిన్నెలో వేసింది.

మూత్రం, పుండ్లు, నొప్పి ముందుకొచ్చాయి. నడక నాలుగోదయింది.

రెండో సమావేశం మార్చిలో మహబూబాబాద్‌లో జరిగింది. ఈసారి యాకమ్మ చెప్పులను సంచిలో అందరికీ కనబడేలా పైనే పెట్టింది, బిక్షానికి ఇద్దామని.

బిక్షం రాలేదు. పుండు విషమించి, ఫిబ్రవరి పదకొండు మంగళవారం పొద్దున చనిపోయాడు.